మన కొండను పాడిన తమిళ పాట
తాటాకులను రాజు కాపాడాడు, రాగాన్ని ఒక ఆడపడుచు కాపాడింది

ధనుర్మాసం వచ్చిందంటే చీకటితోనే లేచి, వాకిట్లో ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టి, ఒక చెవి తిరుప్పావై మీద వేసి పనులు చేసుకోవడం మన ఇళ్లల్లో చాలామందికి అలవాటే. తిరుమలలో ఆ నెల రోజులూ సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారని తెలియని వారుండరు. తమిళం ఒక్క ముక్క రాకపోయినా ముప్ఫై పాశురాలూ నోటికి వచ్చిన అమ్మలూ, అత్తగార్లూ మన తెలుగునాట ఎంతమందో! శ్రీకృష్ణదేవరాయలు ఆమె కథను ‘ఆముక్తమాల్యద’గా రాసిన తర్వాత ఆండాళ్ మనింటి ఆడపిల్లే అయిపోయింది. వనపర్తి దగ్గర శ్రీరంగాపురంలో రంగనాయకస్వామికి గుడి కట్టించిన సంస్థానాధీశులు శ్రీరంగాన్నే పాలమూరుకు తెచ్చుకున్నారు.

ఆండాళ్ పాట మన గడప దాటి లోపలికి వచ్చింది. కానీ అదే నేల మీద, ఆ రోజుల్లోనే పుట్టిన శివభక్తుల పాటలు మాత్రం అంతగా రాలేదు. ఆ పాటల పేరు తేవారం. పేరు కూడా వినని వారే మనలో ఎక్కువ. విచిత్రం ఏమిటంటే, ఆ పాటల్లో మన కొండ ఉంది. శివరాత్రికి మనవాళ్లు కాలినడకన పోయే మల్లన్న కొండ!

ఉత్తర ద్వారం దగ్గర నుంచి

నాగర్‌కర్నూల్ జిల్లాలోని బల్మూరు నల్లమల అంచున ఉన్న ఊరు. దాని పక్కనే అచ్చంపేట. అచ్చంపేట మండలం రంగాపురం దగ్గర, కొండచరియ కింద ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరమే. ఇక చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర. పోయేటప్పుడు వస్తున్నామనీ, తిరిగొచ్చేటప్పుడు పోయొస్తామనీ లింగమయ్యకు గట్టిగా చెప్పుకుంటూ లోయలోకి దిగి ఎక్కుతారు. ఈ వైపు వాళ్లకు శివుడంటే కొండ, అడవి, నడక. ఈ మూడూ లేకుండా మొక్కు తీరదు.

పదమూడు వందల ఏళ్ల కిందట, ఎక్కడో కావేరి ఒడ్డున ఉన్న కవులకు కూడా శ్రీశైలం అలాగే కనిపించింది. అప్పర్, తిరుజ్ఞాన సంబంధర్, సుందరర్ అని ముగ్గురు. మొదటి ఇద్దరూ ఏడో శతాబ్దం వారు, సుందరర్ ఆ తర్వాతి వాడు. ఊరూరా తిరుగుతూ, ఏ ఊరి శివుడి మీద ఆ ఊరి పాట కట్టారు. పది పదకొండు చరణాల ఒక్కో పాటను ‘పదికం’ అంటారు. అలా వాళ్లు పాడిన క్షేత్రాలు 270కి పైనే. వాటిలో ఎక్కువ భాగం తమిళనాడులోనివే. మన తెలుగు నేల మీద ఉన్నవి రెండే రెండు, శ్రీకాళహస్తి, శ్రీశైలం. ఈ రెండింటి మీదా ముగ్గురూ పాడారు. శ్రీశైలాన్ని వాళ్లు ‘తిరుప్పరుప్పదం’ అన్నారు. మన ‘పర్వతం’ మాటే వాళ్ల నోట అలా మారింది.

పన్నెండో శతాబ్దంలో శేక్కిళార్ రాసిన ‘పెరియ పురాణం’ ఈ భక్తుల కథలన్నీ చెబుతుంది. అందులో ఒక చిన్న ముచ్చట ఉంది. అప్పర్ ముసలితనంలో నడుచుకుంటూ శ్రీశైలం దాకా వచ్చాడట. సంబంధర్, సుందరర్ మాత్రం కాళహస్తిలోనే నిలబడి, ఉత్తరాన ఉన్న కొండను తలుచుకుని పాడారట. అంటే ఇద్దరు మన కొండను చూడకుండానే పాడారన్న మాట!

చూడకుండా పాడినా సుందరర్ పాటలో ఏముందో చూడండి. జింకలు, ఏనుగులు, తేనె, వాటి మధ్యలో పంట చేనుకు కాపలా ఉన్న ఒక ఆడపిల్ల. చిలుక వచ్చి కంకి కొరుక్కుపోతుంటే అదిలిస్తుంది. నోటిమాటకు చిలుక లెక్కచేయదు. దాంతో ఆ పిల్లకు రోషం వచ్చి వడిసెల అందుకుంటుంది. చిలుకలు చెదిరి కొండమీదికి ఎగిరిపోతాయి. అదీ శ్రీశైలం అంటాడు కవి. మంచె ఎక్కి జొన్న చేనుకో, కొర్ర చేనుకో కాపలా కాసిన ఆడవాళ్లకు ఈ మాట వేరే అర్థం చెప్పాలా? కవి వచ్చి చూడకపోయినా, కొండ ఊరి ఆడపిల్ల పని ఎక్కడైనా ఒకటే. దేవుడి పాటలో ఆ పనికి చోటు దొరికింది.

రెండు మామిడిపండ్ల ఇల్లాలు

ఈ ముగ్గురికంటే ముందే శివుడి మీద పదికం పాడిన ఒక ఇల్లాలు ఉంది. కారైక్కాల్ ఊరి వ్యాపారి ఇంటి కోడలు. పేరు పునీతవతి. భర్త పరమదత్తుడు దుకాణం నుంచి రెండు మామిడిపండ్లు ఇంటికి పంపాడు. ఆకలితో వచ్చిన శివభక్తుడికి, కూర ఇంకా ఉడకలేదని అన్నంతో పాటు ఒక పండు పెట్టిందామె. మధ్యాహ్నం భర్త భోజనానికి కూర్చున్నాడు. ఉన్న పండు వేసింది. బాగుంది, రెండోది కూడా వెయ్యి అన్నాడు. ఏం చెప్పాలో తోచక వంటింట్లోకి వెళ్లి శివుడిని తలుచుకుంటే చేతిలోకి పండు వచ్చింది. అది తిన్న భర్తకు అనుమానం వచ్చింది, ఈ రుచి వేరు, ఇదెక్కడిది? ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అయితే ఇంకోటి తెప్పించు చూద్దాం అన్నాడు. మళ్లీ పండు వచ్చింది, అతను పట్టుకోగానే మాయమైంది.

అతనికి భయం పట్టుకుంది. ఇది ఆడది కాదు, దేవత అనుకుని ఓడ ఎక్కి వెళ్లిపోయి, పాండ్యదేశంలో మరో పెళ్లి చేసుకున్నాడు. పుట్టిన కూతురికి మాత్రం ఈమె పేరే పెట్టుకున్నాడు. బంధువులు ఈమెను తీసుకెళితే భార్య కాళ్లకు మొక్కాడు. మొగుడే మొక్కిన తర్వాత ఈ అందం ఎందుకని, ఒంటి మీది కండ అంతా తీసేయమని ఆమె శివుడిని అడిగింది. ఎముకల గూడు రూపంతో, కాలు మోపడం తప్పని తలతో నడిచి కైలాసం ఎక్కింది. అమ్మా నాన్నా లేని శివుడు ఆమెను “అమ్మా” అని పిలిచాడట. అందుకే ఆమె కారైక్కాల్ అమ్మైయార్ అయింది. అరవై ముగ్గురు నాయన్మార్లలో ఆడవాళ్లు ముగ్గురే, అందులో ఈమె ఒకరు. ఇప్పటికీ కారైక్కాల్‌లో జూన్-జూలై పౌర్ణమికి ‘మాంగని’ పండుగ చేస్తారు. ఇళ్ల మీద నుంచి మామిడిపండ్లు విసురుతారు, కిందివాళ్లు పట్టుకుంటారు.

కథ అందరికీ గుర్తుంటుంది. కానీ అసలు సంగతి మరొకటి. తిరువాలంగాడులో ఆమె పాడిన రెండు పదికాలకూ రాగం ఉంది. తర్వాతి వాళ్లు నడిచిన బాట ముందుగా వేసింది ఆమే. ఆ తిరువాలంగాడు కూడా మనకు దూరం కాదు, తిరుత్తణి పక్కనే. తిరుత్తణి ప్రాంతం 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే.

చదివేది కాదు, పాడేది

తేవారాన్ని పుస్తకంలో చదువుకుంటే సగమే తెలిసినట్టు. ప్రతి పదికానికీ ఒక ‘పణ్’ ఉంటుంది. పణ్ అంటే ఆ కాలపు తమిళ రాగం. ఇరవైకి పైగా పణ్‌లు తేవారంలో ఉన్నాయి. ఇప్పుడు పాడేవాళ్లు వాటిని మన కర్ణాటక రాగాల పేర్లతో పోల్చి చెబుతారు. తక్కేశి అంటే కాంభోజి. పళంపంచురం అంటే శంకరాభరణం. చెందురుత్తి అంటే మధ్యమావతి. మేఘరాగక్కురింజి అంటే నీలాంబరి, మనం పిల్లల్ని నిద్రపుచ్చే రాగం. శ్రీశైలం మీది సుందరర్ పాట నట్టపాడై పణ్‌లో ఉంది, అంటే ఇప్పటి గంభీరనాట.

సంబంధర్ పాటలకు పక్క వాద్యం యాళ్, తీగల వాద్యం. వాయించినవాడు తిరునీలకంఠ యాళ్పాణర్. పక్కన పాడింది ఆయన భార్య మతంగ చూళామణి. వాళ్లది ‘పాణర్’ కులం, గుడి లోపలికి రానివ్వని పాటగాళ్ల కులం. మదురైలో గుడి బయట నిలబడి వాయిస్తుంటే, లోపలికి పిలవమని దేవుడే చెప్పాడని పెరియ పురాణం అంటుంది.

ఒకసారి యాళ్పాణర్ బంధువులు, ఈ పిల్లవాడి పాటకు పేరు రావడానికి నీ వాద్యమే కారణం అని మెచ్చుకున్నారు. ఆయనకు ఆ మాట నచ్చలేదు. తన వాద్యానికి అందని పాట ఒకటి పాడి వీళ్లకు తెలిసేలా చెయ్యమని సంబంధర్‌ను అడిగాడు. సంబంధర్ పాడాడు. నిజంగానే యాళ్ మీద పలకలేదు. వాద్యం ఎందుకింకా అని విరగ్గొట్టబోతే సంబంధరే ఆపాడు. ఆ పణ్‌కు ‘యాళ్‌మురి’ అని పేరు నిలిచింది. ఇప్పుడు యాళ్ వాద్యం వాడుకలోనే లేదు. ఆ పాటను మాత్రం అఠాణా రాగంలో పాడుతున్నారు. తీగలు పోయినా గొంతు నిలబడిందన్న మాట.

చెదలు తిన్నవి, చెదలు తినలేనివి

ఆ గొంతు కూడా ఒకసారి ఆగిపోయింది. మూడు వందల ఏళ్లు గడిచాక తేవారం పాటలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప వినిపించకుండా పోయాయి. తంజావూరును ఏలిన రాజరాజ చోళుడు (985–1014) వాటిని వెతికించాడని తమిళులు చెప్పుకునే కథ. నంబియాండార్ నంబి అనే భక్తుడితో కలిసి చిదంబరం వెళితే, తాటాకులు ఒక గదిలో ఉన్నాయి, పాడిన ముగ్గురూ వస్తేనే తలుపు తీస్తామన్నారు దీక్షితులు. రాజు తెలివిగా ముగ్గురి విగ్రహాలనూ ఊరేగింపుగా తెప్పించి నిలబెట్టాడు. తలుపు తెరిస్తే తాటాకుల మీద పుట్ట లేచి ఉంది! నూనె పోసి పుట్టను కరిగించి, చెదలు తినగా మిగిలిన వాటిని తీశారు. ఇప్పుడు మనకు దొరుకుతున్న సుమారు ఎనిమిది వందల పదికాలూ అలా మిగిలినవేనట.

తాటాకులు దొరికాయి సరే, పాడేదెలా? ఆకు మీద మాట ఉంటుంది కానీ రాగం ఉండదు గదా! రాజుకు ఎంత ధనం ఉన్నా, ఎంత సైన్యం ఉన్నా ఈ పని తీరలేదు. అప్పుడు వెతుక్కుంటూ వెళ్లింది ఎరుక్కత్తంపులియూరు అనే ఊరికి. యాళ్పాణర్ దంపతుల సొంత ఊరు అది. వాళ్ల వంశంలో పుట్టిన ఒక ఆడపడుచుకు ఆ పణ్‌లన్నీ వచ్చు. ఆమెను చిదంబరానికి పిలిపించి, ఆమె నోటి నుంచే పాటలకు రాగాలు కట్టించారు.

కథే అనుకోండి. అయినా ఆ కథలో ఎంత నిజం ఉందో చూడండి. గదికి తాళం వేసి దాచినవి చెదల పాలయ్యాయి. ఎవరూ దాచనివి, ఇంట్లో పనిచేసుకుంటూ ఒక ఆడమనిషి పాడుకున్నవి బతికాయి. గుడిలోకి రానివ్వని కులపు ఇంట్లో రాగం భద్రంగా ఉంది.

ఆ తర్వాత సంగతి కథ కాదు, రాతి మీద చెక్కిన శాసనం. రాజరాజు తంజావూరు పెద్దగుడిలో తేవారం పాడడానికి 48 మందినీ, ఉడుక్కై, మద్దెల వాయించడానికి ఇద్దరినీ పెట్టాడు. మొత్తం 50 మందికి రోజుకు తలా మూడు కురుణుల వడ్లు జీతం. పాటకు కూడా తిండిగింజలు కావాలని తెలిసిన రాజు! వాళ్ల బాటలోనే ఇప్పటికీ తమిళనాడు గుళ్లలో తేవారం పాడేవారిని ‘ఓదువార్లు’ అంటారు. చాలా కాలం అది మగవాళ్ల కొలువుగానే ఉండిపోయింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం చెన్నై దగ్గర మాడంబాక్కం ధేనుపురీశ్వరుని గుడిలో ఒక యువతిని ఓదువారుగా నియమించింది. రాగాన్ని తెచ్చి ఇచ్చిన ఆడపడుచు బాకీ కొంత తీరినట్టే.

మరి మన పర్వత పదాలు?

ఇది వింటే మనకు మరో సంగతి గుర్తుకు రావాలి. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘బసవ పురాణం’లో కన్నప్ప కథ, సిరియాళుడి కథ, నంబి కథ తెలుగులో చెప్పాడు. తమిళ భక్తుల కథలు అలా మన ఇంటికి వచ్చాయి. పాటలు రాలేదు. ఎందుకంటే మనకు మన పాటలున్నాయి. సోమనాథుడే ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం యాత్రికులు పాడుకునే పదాల పేర్లు వరసగా చెప్పాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు, వాటితో పాటు పర్వత పదాలు. పర్వతం అంటే ఇంకేం పర్వతం, మన శ్రీశైలమే.

కావేరి ఒడ్డు కవులు పరుప్పదం మీద పాడిన పాట ఈరోజు గంభీరనాటలో వినవచ్చు. మన సొంత కొండ మీద, మనవాళ్లు మన భాషలో పాడుకున్న పర్వత పదాలకు పేరు మిగిలింది. ఆనాటి రాగం మనకు అందలేదు. అక్కడ ఒక ఆడపడుచు దగ్గరకు రాజు వెళ్లి అడిగాడు. ఇక్కడ అలా వెళ్లి అడిగిన వాళ్లు లేకపోయారు. తేడా అంతే!

పోయినవాటిని ఎలాగూ తేలేం. ఉన్నవాటి సంగతేమిటి? బల్మూరు కావచ్చు, అలంపురం కావచ్చు, మీ ఊరే కావచ్చు. నాట్ల పాట, విసుర్రాయి పాట, బతుకమ్మ పాట, మల్లన్న పాట, మంగళహారతి, ఇవి వచ్చిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. పాట పుస్తకాలు దొరుకుతాయి కదా అనుకోకండి. పుస్తకంలో ఉండేది తాటాకులో ఉన్నదే. రాగం అవ్వ గొంతులో ఉంది.

ఈ పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఫోను అందరి చేతుల్లోనూ ఉంది. అవ్వను తీరిగ్గా కూర్చోబెట్టి, పాట మొత్తం పాడించి రికార్డు చేయండి. పాడే ముందు ఆమె పేరు, ఊరు, ఆ పాట ఎప్పుడు పాడతారో, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె చేతే చెప్పించండి. ‘గొంతు పోయింది బిడ్డా’ అంటుంది, వదలకండి. రికార్డు చేసి ఊరుకోవద్దు, ఒక్క పాటైనా మీరు నేర్చుకుని మీ పిల్లకు నేర్పండి. ఫోనులో దాచిందీ గదికి తాళం వేసిందీ ఒకటే, పాడితేనే అది పాట. తేవారం వినాలని సరదా ఉంటే ధర్మపురం స్వామినాథన్ పాడిన రికార్డులు దొరుకుతాయి. మాట అర్థం కాకపోయినా రాగం మీకు తెలిసిందే అవుతుంది.

ఆరుద్రకు తిరువాదిరై కళి

ధనుర్మాసంలో వైష్ణవులకు తిరుప్పావై ఎలాగో, శైవులకు మాణిక్యవాచకర్ పాడిన ఇరవై పాటల తిరువెంబావై అలాగ. ఈ రెండు పాటల పేర్లతోనే థాయ్‌లాండ్ రాజాస్థాన బ్రాహ్మణులు ‘త్రియంపవాయ్ – త్రిపవాయ్’ అనే వేడుక చేస్తారు. ఆ నెలలో ఆరుద్ర నక్షత్రం రోజున నటరాజస్వామికి తమిళుల నైవేద్యం ఈ కళి.

దీనికీ ఒక పాటగాడి కథే ఉంది. సేందనార్ కట్టెలు కొట్టి అమ్మి, రోజూ ఒక శివభక్తుడికి అన్నం పెట్టి తాను తినేవాడు. ఒక రోజు ముసురు పట్టి కట్టెలు తడిసి, అమ్ముడుపోలేదు. ఇంట్లో ఉన్న పిండితోనే కళి చేసి, వచ్చిన ముసలాయనకు పెట్టారు. తెల్లారి చిదంబరం గర్భగుడి తలుపు తీస్తే నేలంతా కళి మెతుకులేనట! ఆ సేందనార్ పాడిన ‘తిరుప్పల్లాండు’ శైవుల తొమ్మిదో తిరుమురైలో ఉంది.

కావలసినవి: బియ్యం 1 కప్పు, పెసరపప్పు 2 టేబుల్ స్పూన్లు, బెల్లం తురుము ఒకటింబావు కప్పు, పచ్చికొబ్బరి తురుము అరకప్పు, నెయ్యి 4 టేబుల్ స్పూన్లు, జీడిపప్పు పది, ఏలకులు నాలుగు, నీళ్లు 3 కప్పులు.

చేసే విధానం: బియ్యం, పెసరపప్పు విడివిడిగా సన్నని సెగ మీద దోరగా, కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. చల్లారాక రెండూ కలిపి ఇడ్లీ రవ్వలా బరకగా పట్టాలి. బెల్లంలో నీళ్లు పోసి కరిగాక వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. తెర్లేటప్పుడు కొబ్బరి, ఒక చెంచా నెయ్యి వేసి, రవ్వను ఉండ కట్టకుండా కలుపుతూ పోయాలి. కాస్త దగ్గర పడ్డాక ఆ గిన్నెకు మూత పెట్టి, కుక్కర్లో మూడు కూతలు రానివ్వాలి. ఆవిరి పోయాక గరిటె కాడతో పొడిపొడిగా విడదీసి, నేతిలో వేయించిన జీడిపప్పు, మిగిలిన నెయ్యి, ఏలకుల పొడి కలపాలి. తమిళులు దీనికి తోడు ఏడు రకాల కూరగాయలతో చేసిన పులుసు కూర పెట్టుకుంటారు. మనం గుమ్మడి, చిలగడదుంప, చిక్కుడు, అరటికాయ, ఇంట్లో ఏవి ఉంటే అవి వేసి చేసుకోవచ్చు.

కళి కలుపుతున్నంత సేపూ చేతికే పని, నోరు ఖాళీగానే ఉంటుంది. మీ అవ్వ పాట ఒకటి అందుకోండి!